కత్తెర పురుగు, మన కొండ పంటలు: ముప్పు లెక్క ఎలా కట్టాలి

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతీయువకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



థింసా గురించి, మన భాషల గురించి, భూమి హక్కుల గురించి మాట్లాడేవాళ్లు ఈ వేదిక మీద చాలామంది ఉన్నారు. మేము ఎంచుకున్న విషయం వాటి పక్కన చిన్నదిగా కనిపించవచ్చు. ఒక పురుగు గురించి మాట్లాడదామని వచ్చాం. మేము వ్యవసాయ శాస్త్రవేత్తలం కాము. బీఈడీ చదివి, వసతి గృహంలో పిల్లల మంచిచెడ్డలు చూసుకునేవాళ్లం. అయినా ఈ సంగతి మా దాకా వస్తూనే ఉంటుంది. సంక్రాంతి సెలవులు అయ్యాక హాజరు పట్టీ చూస్తే చాలు, ఏ ఊళ్లో పంట దెబ్బతిన్నదో మాకు తెలిసిపోతుంది. ఆ ఊరి పిల్లలు వారం ఆలస్యంగా వస్తారు. ఒకరిద్దరు అసలు రారు. ఫోను చేస్తే, "అన్నతో పాటు పనికి వెళ్లింది మేడం" అంటారు. పురుగు ఆకు ఒక్కటే తినదు, పిల్ల చదువు కూడా తింటుంది. అందుకే ఈ మాటలు.

ఆ పురుగు పేరు మీకు తెలుసు. కత్తెర పురుగు. మొక్కజొన్న మొవ్వులో కూర్చుని ఆకులను కత్తెరతో కత్తిరించినట్టు చేస్తుంది. దీని పుట్టిల్లు అమెరికా ఖండాల్లోని వేడి ప్రాంతాలు. వందల ఏళ్లు అక్కడే ఉంది. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో మొదటిసారి కనిపించింది. రెండేళ్లలో ఆ ఖండంలో సహారా ఎడారికి దిగువన ఉన్న దేశాలన్నింటికీ దాదాపుగా పాకేసింది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్న చేలలో దొరికింది. ఆ ఏడాదిలోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు. 2019లో మిజోరం కొండల్లో, మనలాగే కొండవాలులో మొక్కజొన్న వేసుకునే గిరిజన రైతుల చేలమీద పడింది. అదే ఏడాది మొదట్లో చైనా చేరింది, 2020కి ఆస్ట్రేలియా. నాలుగేళ్లలో ఇంత దూరం! మన పిల్లలు పాడేరు నుంచి విశాఖపట్నం చదువుకు వెళ్లడానికి పడే తంటాలు చూస్తే, ఈ పురుగుకు దారులు ఎంత సులువో అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఒక కొత్త పురుగు మన చేలకు ఎంత ముప్పు అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? "చాలా ముప్పు" అనేది జవాబు కాదు. "ఏం కాదులే" అనేదీ కాదు. దీనికి ప్రపంచ దేశాలన్నీ ఒప్పుకున్న ఒక పద్ధతి ఉంది. పేరు పెద్దది గానీ అందులో ఉన్నవి నాలుగు ప్రశ్నలే. అది రాగలదా? వచ్చాక నిలవగలదా? నిలిచాక పాకగలదా? పాకితే మనకు పోయేదెంత? మన ఆడపిల్లకు సంబంధం చూసేటప్పుడు పెద్దలు ఇంతకంటే ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు.

మొదటి ప్రశ్న మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. వేరే దేశం నుంచి వచ్చే గింజను, మొక్కను తనిఖీ చేయడానికి ఓడరేవుల్లో మొక్కల క్వారంటైన్ కేంద్రాలు ఉన్నాయి. మనకు దగ్గరలో విశాఖపట్నంలోనే ఒకటి ఉంది. గింజలో దాక్కుని వచ్చే పురుగును అక్కడ పట్టుకోవచ్చు. కానీ కత్తెర పురుగు రెక్కల పురుగు ఒక్క రాత్రిలో గాలివాటున వంద కిలోమీటర్ల దాకా పోగలదు. దానికి ఘాట్ రోడ్డు అక్కర్లేదు, చెక్‌పోస్టు లేదు. కాబట్టి రాగలదా అంటే, వస్తుంది. మైదానంలో ఉన్నది కొండమీదకు రాకుండా ఆపే తలుపు ఏదీ లేదు.

రెండో ప్రశ్న దగ్గర కాస్త ఆగుదాం. మన ప్రాంతం సంగతి అంతా ఇక్కడే ఉంది.

ఏ పురుగైనా ఒక చోట నిలవాలంటే దానికి వేడి కావాలి, తిండి కావాలి, తనను తినేవాళ్లు తక్కువగా ఉండాలి. వేడి సంగతి ముందు చూద్దాం. ఈ పురుగు గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి వేసవిలో నెల రోజులు చాలు. చలిలో రెండు మూడు నెలలు పడుతుంది. సుమారు 11, 12 డిగ్రీల కంటే చల్లబడితే దాని ఎదుగుదల ఆగిపోతుంది. గడ్డకట్టే చలిని అసలు తట్టుకోలేదు. మన కొన్ని పురుగుల్లాగా చలికాలమంతా నిద్రపోయి వేసవికి లేచే గుణం కూడా దీనికి లేదు. అందుకే అమెరికా ఉత్తర భాగంలో ప్రతి చలికాలం చనిపోతుంది, ప్రతి వేసవిలో దక్షిణం నుంచి మళ్లీ ఎగిరివస్తుంది.

ఇది విన్నాక మా వసతి గృహంలో ఒక చింతపల్లి పిల్ల వెంటనే అంది: "అయితే మేడం, లంబసింగి చలికి ఇది చచ్చిపోతుంది కదా!" మంచి ప్రశ్న. లంబసింగిలో డిసెంబరు, జనవరి రాత్రులు ఎంత చల్లగా ఉంటాయో మనకు తెలుసు. ఆ రాత్రుల్లో పురుగు ఎదగదు, కొంత చస్తుంది కూడా. కానీ అక్కడ పగలు ఎండ కాస్తుంది. ఘాట్ దిగి పది ఇరవై కిలోమీటర్లు పోతే వెచ్చగా ఉంటుంది. అక్కడ ఆ నెలల్లో పొలాల్లో ఏముంటుంది? యాసంగి మొక్కజొన్న. విజయనగరం, శ్రీకాకుళం మైదానాల్లో, గుంటూరు వైపు వరి కోసిన మడుల్లో, దుక్కి కూడా దున్నకుండా వేసిన మొక్కజొన్న. అంటే కొండమీద చలి ఉన్న రోజుల్లో పురుగు కింద భోజనం చేస్తూ ఉంటుంది. వానలు పడి మనం విత్తనం వేసేసరికి మళ్లీ పైకి వస్తుంది. మన చలి దానికి తలుపు వేయదు, కొన్నాళ్లు తలుపు ఓరగా పెడుతుంది, అంతే.

కాబట్టి మా ఉద్దేశంలో మన ముప్పును పెంచిందీ తగ్గించేదీ వాతావరణం కంటే తిండే. ముప్పై ఏళ్ల కిందట మన మెట్టలో, పోడులో ఒకే చెక్కలో ఏముండేవో మీ అమ్మమ్మలను అడగండి. చోడి, సామ, కొర్ర, కంది, అనుములు, గట్టుమీద నాలుగు మొక్కజొన్న మొక్కలు. మొక్కజొన్న పిల్లలు కాల్చుకు తినే పంట. తర్వాత కోళ్ల దాణాకు మొక్కజొన్న కొనే వ్యాపారులు సంతకే వచ్చారు. డబ్బు చేతికి వచ్చింది. ఆ డబ్బును మేము తక్కువ చేసి మాట్లాడం. ఎంతోమంది పిల్లల పుస్తకాలు, బస్సు చార్జీలు దాని నుంచే వచ్చాయి. కానీ ఏడాది పొడవునా, కొండమీదా కిందా, ఒకే పంట పచ్చగా కనబడుతుంటే, దాన్ని ఇష్టపడే పురుగుకు అది విస్తరి మీద విస్తరి వేసినట్టే.

మొక్కజొన్న ఒక్కటే తింటుందా అంటే, కాదు. ఇది తినగల మొక్కలు 353 రకాలని శాస్త్రవేత్తలు పట్టిక రాశారు. అలాగని అన్నింటినీ ఒకే ఇష్టంతో తినదు. మొక్కజొన్న మొదటి వంటకం. మన దేశంలో జొన్న మీద, మహారాష్ట్రలో చెరకు మీద, కర్ణాటకలో రాగి మీద కూడా దొరికింది. రాగి అంటే మన చోడి. ఇక్కడే పెద్దవాళ్లు ఉలిక్కిపడతారు. చోడి అంబలి లేకపోతే మన పూట గడవదు కదా. మా అంచనా చెబుతాం. చోడి దుబ్బు చేసే పంట. ఒక పిలక పోయినా పక్క పిలక వెన్ను తీస్తుంది. మొక్కజొన్నకు ఉన్నది ఒకే మొవ్వు, అది పోతే మొక్క పోయినట్టే. అందువల్ల చోడికి ముప్పు ఉంది గానీ మొక్కజొన్నకు ఉన్నంత లేదు. మొక్కజొన్న చేను పక్కనే చోడి లేతగా ఉన్నప్పుడు మాత్రం కన్నేసి ఉంచాలి. పక్క చేను కోతకు వస్తే ఆకలిగొన్న పురుగు ఎటు పోతుంది?

మూడో ప్రశ్న, పాకడం. ఒక తల్లి పురుగు తన చిన్న జీవితంలో వెయ్యి నుంచి రెండు వేల గుడ్లు పెట్టగలదు. వంద, రెండు వందలు చొప్పున గుంపుగా పెట్టి, పైన తన ఒంటి నూగు కప్పుతుంది. రెండు మూడు రోజుల్లో పిల్లలు. ఇంత సంతానం ఉన్నా మొవ్వుకు ఒకటే పెద్ద పురుగు ఎందుకు కనిపిస్తుందో తెలుసా? ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆ విషయంలో మనకు సాయం చేస్తున్నట్టే.

ఇక నాలుగో ప్రశ్న, పోయేదెంత? యువత బాగా వినవలసింది ఈ భాగం. ఆఫ్రికాలో పురుగు కొత్తగా వచ్చిన రోజుల్లో రైతులను అడిగి లెక్కలు రాశారు. ఘనాలో సగటున 45 శాతం పంట పోయిందని రైతులు చెప్పారు. జాంబియాలో 40 శాతం అన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. చిల్లులు పడి చింపిరి గుడ్డలా వేలాడే ఆకులను చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. తర్వాత జింబాబ్వేలో కొందరు పరిశోధకులు చేలలోకి వెళ్లి దెబ్బతిన్న మొక్కలు, దెబ్బతినని మొక్కలు లెక్కపెట్టి, కండెల దిగుబడితో పోల్చి చూశారు. వచ్చిన నష్టం 12 శాతానికి కాస్త లోపే. మొక్కజొన్న ఆకు పోయినా మళ్లీ ఆకు వేసుకుంటుంది, మొవ్వు లోపలి మొలక బతికి ఉంటే చాలు.

12 శాతం చిన్నదని మేము అనడం లేదు. పది బస్తాలు వచ్చే ఇంట్లో ఒక బస్తా పైన పోతే అది ఒక పిల్ల ఫీజు. కానీ 40 అనుకుని భయపడే మనిషి, 12 అని తెలిసిన మనిషి చేసే పనులు ఒకలా ఉండవు. 40 అనుకున్నవాడు అప్పు చేసి మందు కొంటాడు. ఒక ఊళ్లో ఇలాగే జరిగింది. ఊరి పేరు, దుకాణం పేరు వద్దు. కంకి జల్లు వేసేసిన చేనుకి మూడు రకాల మందు సీసాలు కట్టబెట్టారు. ఆ దశలో మందు కొట్టినా ఖర్చే తప్ప ఫలితం ఉండదని వ్యవసాయ శాఖవారి సలహాల్లోనే ఉంటుంది. ఆ మందును బకెట్లో చేత్తో కలిపింది ఎవరు? సెలవులకు ఇంటికెళ్లిన మా తొమ్మిదో తరగతి పిల్లవాడు. చేతికి తొడుగు లేదు, ముఖానికి గుడ్డ లేదు. వాంతులతో ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. బాగయ్యాడు, మళ్లీ బడికి వచ్చాడు. పురుగు వల్ల ఆ ఇంటికి పోయింది కొన్ని కండెలు. భయం వల్ల పోయేది ఎంతో మీరే ఊహించండి.

అందుకే లెక్కపెట్టడం నేర్చుకోండి. ఇంటర్ చదివినవాళ్లు, డిగ్రీ చదివినవాళ్లు ఈ పని కచ్చితంగా చేయగలరు. చదవని అమ్మానాన్నలకు కళ్ల అనుభవం ఉంది, మీకు లెక్క వచ్చు. రెండూ కలవాలి. చేలోకి అడుగుపెట్టాక గట్టు మొక్కలు వదిలేయండి. చేనంతా కలియతిరుగుతూ ఐదు చోట్ల ఆగండి. ఒక్కో చోట వరుసగా 20 మొక్కలు చూడండి. బాగా పాడైనవాటినే ఏరుకోకూడదు, వరుసగానే చూడాలి. మొత్తం వంద మొక్కలు అవుతాయి. ఎన్నింటి మొవ్వులో తాజా దెబ్బ ఉందో అంత శాతం. భాగహారం కూడా అక్కర్లేదు.

తాజా దెబ్బ అంటే ఏమిటి? పిల్ల పురుగు ఆకు పచ్చదనాన్ని గీకి, పల్చని కాగితం లాంటి మచ్చలు చేస్తుంది. పెద్దదయ్యాక చిల్లులు, అదీ ఆకు విచ్చుకున్నాక అడ్డంగా వరుసగా కనిపించే చిల్లులు. మొవ్వులో తడిసిన రంపపు పొట్టు లాంటి రెట్ట. పురుగు దొరికితే తల చూడండి, తిరగేసిన వై అక్షరం గుర్తు ఉంటుంది. తోక దగ్గర నాలుగు నల్ల చుక్కలు చతురస్రంగా, చావిడికి నాలుగు స్తంభాలు వేసినట్టు. ఈ రెండు గుర్తులు ఉంటే కత్తెర పురుగే. లేకపోతే మన పాత పురుగుల్లో ఏదో ఒకటి. ప్రతి పురుగునూ కత్తెర పురుగనుకుని హడావిడి పడొద్దు.

లేత దశలో నూటికి ఐదు మొక్కలకు దెబ్బ కనిపిస్తే పని మొదలుపెట్టాలి. మోకాలెత్తు దాటాక పది దాకా ఆగవచ్చు. పని అంటే వెంటనే మందు అని కాదు. గుడ్ల గుంపు కనిపిస్తే ఆకుతో సహా నలిపేయడం అన్నిటికంటే చౌక. ఒక్క నలుపుతో వంద పురుగులు పోతాయి. తొమ్మిది పాళ్ల ఇసుకకు ఒక పాలు సున్నం కలిపి మొవ్వులో చిటికెడు వేయమని శాస్త్రవేత్తలే చెబుతున్నారు. మన అవ్వలు పొయ్యి బూడిద వేసేవారు, ఆ పద్ధతికి ఇది దగ్గరి చుట్టం. ఎకరానికి పది చోట్ల పక్షులు వాలడానికి కొమ్మలు పాతండి. పైడికంటి పిట్టలకు, ఏట్రింతలకు మీరు కూలి ఇవ్వక్కర్లేదు. ఐదు లింగాకర్షక బుట్టలు పెడితే మగ పురుగులు ఎన్ని పడుతున్నాయో తెలుస్తుంది, ముందుగా మేలుకోవచ్చు. వానల్లో కొన్ని పురుగులు బూజు పట్టి, సుద్దముక్కల్లా బిగుసుకుపోయి ఆకుకు అంటుకుని ఉంటాయి. వాటిని పారేయకండి, అది పురుగును చంపే శిలీంధ్రం. అక్కడే ఉండనిస్తే మిగతావాటికీ అంటుకుంటుంది. విషపు మందు కొట్టిన చేలో ఈ నేస్తాలు మిగలవు. ఇన్ని చేసినా ఆగకపోతే వేప గింజల కషాయం. ఆ తర్వాతే మందు, అదీ రైతు సేవా కేంద్రంలో అడిగి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల చేత కలిపించొద్దు, కొట్టించొద్దు. ఈ ఒక్క మాట మీద మేము ఎవరితోనైనా గొడవ పడతాం.

కలిపి వేసే పంటల గురించి ఒక సంగతి. మొక్కజొన్నలో కంది, మినుము లాంటివి కలిపితే పురుగు ఉధృతి తగ్గుతుంది. మన పాత పద్ధతికి ఇది మంచి మాటే. కానీ పాతదంతా మంచిదే అని గుడ్డిగా అనకండి. జింబాబ్వే పరిశోధనలో గుమ్మడి కలిపిన చేలలో దెబ్బ ఎక్కువగా కనిపించింది. మనమూ పోడులో గుమ్మడి పాదులు వేస్తాం. మన నేల వేరు, మన దగ్గర అలాగే జరుగుతుందని చెప్పలేం. అందుకే మీరే చూడండి. ఒక చెక్కలో గుమ్మడి, ఒక చెక్కలో లేకుండా వేసి, వంద మొక్కల లెక్క రెండింట్లో కట్టి చూడండి. అదే పరిశోధన. దానికి తెల్లకోటు అక్కర్లేదు.

కొత్త పురుగు అంటే ఎప్పుడూ పరాయి దేశం నుంచే మన మీద పడుతుందని అనుకోకండి. నిల్వ గింజను తినే ఖాప్రా పెంకు పురుగుకు మన దేశమే పుట్టిల్లు అంటారు. అది 1953లో అమెరికాలోని కాలిఫోర్నియా గిడ్డంగుల్లో దొరికితే, దాన్ని వదిలించుకోవడానికి వాళ్లకు పదేళ్లకు పైగా పట్టింది. ఇప్పటికీ మన వైపు నుంచి వెళ్లే బియ్యం బస్తాలను వాళ్లు భూతద్దం పెట్టి చూస్తారు. మనం కత్తెర పురుగుకు భయపడ్డట్టు వాళ్లు మన పెంకు పురుగుకు భయపడతారు.

గింజ పంటల్లోనే కాదు, 2025లో అరకు లోయలో కాఫీ కాయ తొలుచు పురుగు బయటపడినప్పుడు మనవాళ్ల కాయలు కోయించి నాశనం చేయించిన సంగతి ఇక్కడ కొందరికి బాగా తెలుసు. ఆ పురుగు 1990లోనే నీలగిరిలో కనిపించింది. ముప్పై అయిదేళ్లు మన కొండల దాకా రాలేదు, ఒకరోజు వచ్చింది. రేపు ఇంకొకటి వస్తుంది. మెక్సికో వైపు నుంచి ఆఫ్రికాకు చేరి, గాదెల్లోని మొక్కజొన్నను పిండి చేసే పెద్ద గింజ తొలుచు పురుగు ఒకటి ఉంది. అది మన దేశంలో స్థిరపడలేదు. వస్తే దాన్ని మొదట చూసేది ఏ కార్యాలయమూ కాదు. పొయ్యి పైన పొగలో వేలాడదీసిన విత్తన కండెలను దించే మీ అమ్మ చూస్తుంది. "ఇదేదో కొత్త పురుగులా ఉందే" అని ఆమె అన్న రోజున, ఫోటో తీసి, తేదీ, ఊరు పేరు రాసి, గ్రామ వ్యవసాయ సహాయకులకో చింతపల్లి పరిశోధన కేంద్రానికో చేర్చే మనిషి ఇంట్లో ఉండాలి. ఆ మనిషి మీరే. సిగ్నల్ లేకపోతే సంతరోజు వచ్చినప్పుడు పంపండి.

ఇంకొక పని కూడా అడుగుతున్నాం. డబ్బు పంట వేసుకోండి, మేము వద్దనం. కానీ ప్రతి ఇంట్లో ఒక చెక్క చోడికి, సామకు ఉంచమని మీ నాన్నలతో మాట్లాడండి. చోడి గింజ ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది, పురుగు దాన్ని పెద్దగా ముట్టదు. మొక్కజొన్న పోయిన ఏడాది ఆ గాదె ఉంటే మా హాజరు పట్టీలో మీ తమ్ముడి పేరు పక్కన గీత పడదు. విత్తనం లేదనేవాళ్లు ఉంటే పక్క ఊరి అవ్వను అడగండి. అడిగితే లేదనదు, కాస్త తిట్టి ఇస్తుంది.

బయట బల్ల మీద వంద గడులు గీసిన కాగితాలు పెట్టాం. ఒక్కో గడి ఒక్కో మొక్క. దెబ్బ ఉంటే ఇంటూ, లేకపోతే సున్నా. పైన ఊరు పేరు, విత్తిన తేదీ, చూసిన తేదీ రాయాలి. ఆలస్యంగా వేసిన చేలు ఇప్పుడు మోకాలెత్తు ఉన్నాయి, ఈ వారమే మొదలుపెట్టవచ్చు. కోత దాకా పది రోజులకొకసారి నింపి, సంతరోజు మా వసతి గృహంలో ఇచ్చి వెళ్లండి. ఊరూరి కాగితాలు పక్కపక్కన పెట్టి, పురుగు ఏ వైపు నుంచి ఎప్పుడు ఎక్కుతోందో మా పిల్లలు పటం గీస్తామన్నారు. రంగు పెన్సిళ్లు ఇప్పటికే కొనిపించారు.